జపానుభాషయం దనుకరణపదములు

ధ్వనుల ననుకరించి పలుకఁబడు పదములు లోకమునఁ బెక్కుభాషలయందుఁ గలవు. తెలుఁగున గలగల, జలజల, పటపట యనునవి యట్టివి. ఇవి శిశుభాషితములవంటి వనియు, వ్యాకరణమునకు వీనితోఁ బని లేదనియుఁ గొందఱు తలంతురు. జపానుభాషను బరిశీలించినచో నీతలంపు నిలువదు. ఆభాషయం దీపదములు వేలకొలఁదిగాఁ గలవు. 2007వ సంవత్సరమున షోగాకుకాన్ ప్రకాశకులు వెలువరించిన యనుకరణపదనిఘంటువున 4500 పదములు చేర్పఁబడినవి. వీనికి నియతమైన రూపనిష్పత్తియు, వర్ణార్థసంబంధమును, ప్రయోగమర్యాదయుఁ గలవు.

ఇవి నవీనములును గావు. 712వ సంవత్సరమున రచింపఁబడిన కొజికి యను ప్రాచీనగ్రంథమున, ఇౙనాగి ఇౙనామి యను దేవతలు శూలముతో సముద్రమును గలఁచునపుడు పుట్టిన ధ్వని "కొవోరొకొవోరొ" యని చెప్పఁబడినది.

జపానుపండితులు వీనిని బ్రధానముగా మూఁడుతెఱఁగులుగా విభజింతురు. ప్రాణుల కంఠధ్వని ననుకరించునది గిసేగొ. కుక్కమొఱుగును దెలుపు "వన్‌వన్" ఇట్టిది. ఇతరధ్వనుల ననుకరించునది గియోంగొ. తలుపు తట్టు చప్పుడును దెలుపు "తొన్‌తొన్" దీని కుదాహరణము. ధ్వని లేని స్థితిని దెలుపునది గితాయిగొ; నక్షత్రములు మెఱయుటను దెలుపు "కిరకిర" ఇందుఁ జేరును. 1978లోఁ గిందైచి హరుహికొ యను భాషావేత్త మూఁడవదానినుండి ప్రాణుల చేష్టలను, మనోభావములను దెలుపువానిని వేఱుపఱచి, మొత్త మైదు తెఱఁగులుగాఁ జెప్పెను. ఉద్దేశము లేక తిరుగాడుటకు "ఉరొఉరొ", చిరాకునకు "ఇరఇర" అనునవి యిట్లు వేఱుపడినవి. నిశ్శబ్దమునకు సయితము "షీన్" అను పదము గలదు.

పాణిని యవ్యక్తానుకరణమునకు డాచ్ప్రత్యయమును విధించి "పటపటాకరోతి" వంటి రూపములను సాధించెను. అచ్చట ననుకార్యము ధ్వని మాత్రమే. కాంతిని దెలుపు తళతళ, మిలమిల మొదలగునవి గల తెలుఁగు ఈవిషయమున జపానుభాషకుఁ జేరువయైనది.

రూపనిష్పత్తి యెట్టి దన: పెక్కింటికి రెండక్షరముల ప్రకృతి మూలము. "కొరొ" యనునది దొరలుటను దెలుపు ప్రకృతి. దానిని ద్విరుక్తము చేసి "కొరొకొరొ" యన్నచో నెడతెగక దొరలుట. "కొరొరి" యన్న నొక్కమాఱు దొరలి నిలుచుట. నకారాంతముగా "కొరొన్" అన్న దొరలి తాఁకినపుడు ధ్వని మ్రోఁగుట. ద్విత్వముతో "కొరొత్తొ" యన్నఁ దటాలునఁ బొరలుట.

వర్ణార్థసంబంధ మింతకంటె విశేషము. పరుషాదిపదము చిన్నదానిని, తేలికదానిని దెలుపఁగా, సరళాదిపదము పెద్దదానిని, బరువైనదానిని, మోటైనదానిని దెలుపును. గోలీ దొరలుట "కొరొకొరొ", బండరాయి దొరలుట "గొరొగొరొ". నక్షత్రకాంతి "కిరకిర", కన్నులు చెదరు తీక్ష్ణకాంతి "గిరగిర". సకార ౙకారములకు నీన్యాయమే: నున్నని కురులు "సరసర", గరుకైన తలము "ౙరౙర". ఒక వర్ణము మాఱినచో మెచ్చుకోలు నిందయగును. తెలుఁగున సరసర వడిని దెలుపును గావున, రూపసామ్యమునుబట్టి యర్థ మూహించుట ప్రమాదకరము.

ఇందొక సూక్ష్మము గలదు. జపానుభాషలో సామాన్యపదములు ద్విరుక్తములైనపు డుత్తరపదాదిపరుషము సరళమగుట సాధారణము. "కుని" (దేశము) ద్విరుక్తమై "కునిగుని" యగును. అనుకరణపదమున నీయాదేశము రాదు. "కొరొకొరొ" యెన్నఁడును "కొరొగొరొ" కాదు. సరళపరుషభేద మిచ్చట నర్థభేదకమగుటచే నాదేశము చొరలే దని యూహింపవచ్చును. తెలుఁగునను గూరగాయలు, తల్లిదండ్రులు మొదలగు ద్వంద్వములందు గసడదవాదేశము వచ్చుచుండఁగా, కలకల, చకచక, తళతళలయందు రాదు.

ప్రయోగమున నివి తఱచుగాఁ గ్రియావిశేషణములు. అపుడు "తొ" యను నిపాతము చేరవచ్చును. అది సంస్కృతమున నితిశబ్దమువలె, తెలుఁగున "అని" వలెఁ బరవాక్యానువాదమునకును వాడఁబడునది. "సురు" (చేయు) క్రియతోఁ జేరి "హరహర సురు" అనఁగా నేమగునో యని తల్లడిల్లుట. "నొ" చేరినచో విశేషణమై "పికపిక నొ కుౘు" అనఁగా నిగనిగలాడు పాదరక్షలు. స్వరమును మాఱును: క్రియావిశేషణమున మొదటి యక్షర ముచ్చము, తక్కినవి నీచములు, విశేషణవిధేయములయందు మొదటి యక్షరమునకుఁ దరువాత స్వర మెక్కి దిగక సాగును. ఇంద్రశత్రుశబ్దకథ నెఱిఁగినవారి కీస్వరభేదప్రాధాన్యము వింతగాదు.

ఒకపదమే పెక్కర్థములఁ దెలుపుటయుఁ గలదు. "గొరొగొరొ" ఉఱుమునకు, బరువైన వస్తువు దొరలుటకు, పిల్లి గుఱగుఱకు, పని లేక పండుకొని పొరలుటకును జెల్లును. కర్తృక్రియలే యర్థమును నిర్ణయించును. కావున నేర్చువా రీపదమును గ్రియతోడనే నేర్వవలయును. వాన కురియుటకు "ఫురు" క్రియ. సన్నవాన "షితొషితొ", కుంభవృష్టి "ౙాౙా", చినుకులు మొదలగుట "పొౘుపొౘు". సంభాషణమున, కథలయందు నివి ప్రాణమువంటివి. రాజశాసనములందును, శాస్త్రరచనలందును విరళములు.

ఈపదముల యక్కఱ వైద్యశాలయందు స్పష్టము. జపానురోగి నొప్పిని వీనితోనే చెప్పును: సూదులు గ్రుచ్చినట్లున్న "చికుచికు", నాడితోఁగూడ సలిపిన "ౙుకిౙుకి", తల పగులునట్లున్న "గన్‌గన్", చర్మము మండిన "హిరిహిరి". 2011 మార్చి 11వ తేదీ భూకంపానంతర మీశాన్యజపానునకుఁ బరప్రాంతములనుండి వచ్చిన వైద్యులకు నచ్చటి మాండలికానుకరణపదములు తెలియక చిక్కు కలిగెను. అందుచే జపాను జాతీయభాషాపరిశోధనసంస్థ 2012లో నాపదముల నుదాహరణములతోఁ గూర్చి యొక పుస్తకమును సిద్ధపఱచెను. శిశుభాషిత మని త్రోసివేయఁదగిన పదము రోగనిదానమున కాధారమయ్యెను.

తెలుఁగురోగియు వైద్యునితోఁ జుఱుక్కుమనుచున్న దనియు, జివ్వుమనుచున్న దనియుఁ జెప్పును. ఇట్టిపదములకు బర్యాయపద మిచ్చినంతమాత్రమున నిఘంటువు పని ముగియదు. ఏక్రియతో, నేవస్తువునందు, నేసీమలోఁ జెల్లునో చూపవలయును. పాఠశాలాపండితులు తమతమ గ్రామములయందు వినఁబడువాని నీవిధమున సేకరించినచో నాంధ్రవ్యాకరణమునకును, నిఘంటువునకును గొప్ప యుపకార మగును.