పదుగురి లెక్క: బహ్రెయిన్ యూదులు, బాగ్దాద్ వాద్యబృందాలు

సనాబిస్ నుంచి తూర్పుగా కారులో కొద్ది నిమిషాలు వెళితే మనామా పాతబజారు వస్తుంది. బాబ్ అల్ బహ్రెయిన్ ద్వారం దాటి ఇరుకు వీధుల్లో నడిస్తే ఒక యూదు ప్రార్థనామందిరం కనిపిస్తుంది. 1947 డిసెంబరులో, పాలస్తీనా విభజన తీర్మానం వెలువడిన రోజుల్లో, అల్లరిమూకలు దాన్ని దోచుకున్నాయి. ఆ తరువాతి సంవత్సరాల్లో దేశంలోని యూదుల్లో అత్యధికులు వెళ్ళిపోయారు. 2021 ఆగస్టులో అక్కడ సబ్బాతు సామూహిక ప్రార్థన మళ్ళీ జరిగింది. మధ్యలో గడిచినవి డెబ్బై ఏళ్ళకు పైమాటే. నేడు బహ్రెయిన్‌లో ఉన్న స్థానిక యూదులు సుమారు యాభైమంది.

యూదు సంప్రదాయంలో సామూహిక ప్రార్థనకు పదిమంది వయోజన పురుషులు ఉండాలి. ఈ కనీస సంఖ్యను మిన్యాన్ అంటారు. యాభైమంది ఉన్న సమాజంలో, అందులోనూ పిల్లలనూ స్త్రీలనూ ప్రయాణాల్లో ఉన్నవారినీ తీసివేస్తే, పదిమంది ఒకచోట చేరడమే గగనం. సంగీతం విషయంలో ఈ లెక్క ఇంకా కఠినమైనది. ప్రార్థనకు మనిషి వస్తే చాలు. వాద్యబృందానికి వచ్చిన మనిషికి వాయించడం కూడా రావాలి.

బహ్రెయిన్ యూదుల పూర్వులు ప్రధానంగా పందొమ్మిదో శతాబ్దం చివర ఇరాక్ నుంచి వ్యాపారం కోసం వచ్చినవారు. కాబట్టి వారి సంగీత వారసత్వం ఎక్కడుందో వెతకాలంటే బాగ్దాద్‌కే వెళ్ళాలి. అక్కడి మఖామ్ గానానికి తోడుగా వాయించే చిన్న బృందాన్ని చాల్ఘీ అనేవారు. సంతూర్, కొబ్బరిచిప్పతో చేసిన జోజా అనే నాలుగు తీగల వాద్యం, లయకు దుంబక్, డఫ్ ఇందులో ముఖ్యమైనవి. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఈ వాద్యాల మీద పట్టు చాలావరకు యూదు కుటుంబాలదే. 1932లో కైరోలో జరిగిన అరబ్ సంగీత మహాసభకు ఇరాక్ పంపిన బృందంలో గాయకుడు ముహమ్మద్ అల్ కుబ్బాంచీ ముస్లిం. వాద్యకారులు దాదాపు అందరూ యూదులు. 1936లో బాగ్దాద్ రేడియో మొదలైనప్పుడు దాని వాద్యబృందానికి నాయకత్వం వహించిన సాలెహ్ అల్ కువైతీ కూడా యూదుడే. కువైట్‌లో పుట్టాడు కనుక ఆ ఇంటిపేరు. వయొలిన్ అతనిది, ఊద్ తమ్ముడు దావూద్‌ది.

ఇది యూదు సంగీతమా, అరబ్బు సంగీతమా అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. అల్ కువైతీ సోదరులు బాణీలు కట్టింది అరబ్బు గాయనీగాయకుల కోసం. అవే మఖామ్‌లలో బాగ్దాద్ యూదులు హీబ్రూ స్తోత్రాలూ పాడుకున్నారు. నాదస్వరం ఆలయానిదా, పెళ్ళిపందిరిదా అని అడిగినట్టే ఉంటుంది ఈ వాదన. యూదు సంగీతానికే అంకితమైన వాద్యబృందాన్ని నిలబెట్టదలచినవారు ఈ సరిహద్దును మరీ బిగించి గీస్తే, తమ వారసత్వంలో సగాన్ని బయట వదిలేసినవారవుతారు.

1950-51లలో సుమారు లక్షా ఇరవై వేలమంది యూదులు ఇరాక్ విడిచి ఇజ్రాయెల్ చేరారు. అల్ కువైతీ సోదరులు కూడా వారిలో ఉన్నారు. బాగ్దాద్‌లో రాజుల ఎదుట వాయించినవారు టెల్ అవీవ్‌లో చిన్న దుకాణం నడుపుకున్నారు. అక్కడి ప్రభుత్వ రేడియో ఇరాక్, ఈజిప్టుల నుంచి వచ్చిన కళాకారులతో ఒక అరబ్బు వాద్యబృందాన్ని పోషించింది. దాని పాటలు సరిహద్దుల అవతల కూడా వినిపించేవి. అయితే పోషకుడు ఒక్కడే. ఆ ఒక్కడి ఆసక్తి తగ్గేసరికి, 1993లో బృందమూ మూతపడింది. ఇరాక్‌లో మరో రకం నష్టం జరిగింది: పాటలు మిగిలాయి, రేడియోలో వాటిని కట్టినవారి పేర్లు చెప్పడం మానేశారు.

సరిగ్గా మరుసటి సంవత్సరం, 1994లో, ఆష్‌దోద్ అనే ఓడరేవు పట్టణంలో మొరాకో నుంచి వచ్చిన యూదులు అందలూసీ సంగీతం కోసం వేరే దారి తొక్కారు. ఈ సంగీతం గురుముఖతః వచ్చేది. వ్రాసి పెట్టుకున్న స్వరపత్రాలు అరుదు. మరోవైపు, అదే కాలంలో సోవియట్ దేశాల నుంచి వలసవచ్చిన శాస్త్రీయ వాద్యకారులు పని లేక ఉన్నారు. వారికి స్వరలిపి వచ్చు, అందలూసీ బాణీ రాదు. మొరాకో పెద్దలకు బాణీ వచ్చు, స్వరలిపి రాదు. ఈ ఇద్దరినీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టాలంటే మధ్యలో ఒకరు ప్రతి బాణీనీ విని, వ్రాసి, భాగాలుగా పంచాలి. కర్ణాటక కృతిని స్వరపరచినవారికి ఈ కష్టం తెలుసు: స్వరం కాగితం మీదికి ఎక్కుతుంది, గమకం ఎక్కదు. మఖామ్‌లో అర్ధస్వరంలో సగం తేడా కూడా లెక్కలోకి వస్తుంది. పియానో మెట్ల మధ్య దానికి చోటు లేదు. అయినా ఆ బృందం నిలదొక్కుకుంది, 2006లో ఇజ్రాయెల్ ప్రైజ్ అందుకుంది.

బృందానికి తోడ్పాటు అనగానే విరాళం, శాలువా, వేదిక మీద పేరు గుర్తొస్తాయి. కచేరీ రోజున ఇవన్నీ దొరుకుతాయి. దొరకనిది మిగతా రోజుల ఖర్చు. స్వరలేఖకుడి పారితోషికం, సాధనకు హాలు అద్దె, జోజాకు తీగలు, అన్నిటికన్నా ముఖ్యంగా ఇద్దరు ముగ్గురు నిపుణులకు నెలనెలా జీతం. ఔత్సాహికులు ఎందరున్నా, జీతం తీసుకునే ఆ ముగ్గురూ లేకపోతే బృందం రెండో ఏడాది చూడడం అరుదు. 1994లోనే నోరీన్ గ్రీన్ స్థాపించిన లాస్ ఏంజెలెస్ జ్యూయిష్ సింఫనీ మరో ఆధారం వెతుక్కుంది. స్పెయిన్ నుంచి వెళ్ళగొట్టబడిన యూదుల పాటలకూ లాటిన్ అమెరికా సంగీతానికీ ఉన్న చుట్టరికాన్ని నగరంలోని బడిపిల్లలకు, అంటే ఎక్కువమంది యూదులు కాని పిల్లలకు, వినిపించే కార్యక్రమం చేపట్టింది.

సంప్రదాయం ఒకరిది, తోడ్పాటు మరొకరిది కావడం మనకు కొత్త కాదు. తెలుగు ఇళ్ళల్లో దశాబ్దాలపాటు పొద్దున్నే మోగిన ఆకాశవాణి పరిచయ వాద్యాన్ని కూర్చింది వాల్టర్ కౌఫ్‌మన్, 1934లో బొంబాయి చేరిన చెక్ యూదు శరణార్థి. అక్కడ ఆయన నెలకొల్పిన చాంబర్ సంగీత సంఘంలో మెహ్లీ మెహతా అనే పార్సీ వయొలిన్ వాయించేవాడు. కౌఫ్‌మన్ తరువాతి కాలంలో దక్షిణాది రాగాల మీద పెద్ద గ్రంథమే వ్రాశాడు. 1978లో మొదలైన క్లీవ్‌లండ్ త్యాగరాజ ఆరాధన కథ మరోలా ఉంటుంది: అక్కడ మొదట శ్రోతలున్నారు, గాయకులు తరువాత తయారయ్యారు, ఇప్పుడు ఆ పోటీల్లో పాడుతున్నది అమెరికాలో పుట్టిన పిల్లలు.

బహ్రెయిన్‌లో ఉన్నవి 1001 ఆసనాల జాతీయ నాటకశాల, పునరుద్ధరించిన ఒక ప్రార్థనామందిరం, యాభైమంది మనుషులు. ముత్యాల వేటగాళ్ళ ఫిజిరీ పాటలకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ పాటల బృందాలను ముహర్రక్‌లో నేటికీ ఇరుగుపొరుగువారే నడుపుకుంటున్నారు. యూదు బృందం అంటూ ఒకటి ఇక్కడ ఏర్పడితే అందులో వయొలిన్ పట్టేది ఏ మలయాళీయో, ఫిలిప్పీన్స్ వాడో, తెలుగు ఇంజనీరో కావచ్చు. ఊద్ మాత్రం బహ్రెయినీ చేతిలోనే ఉంటుంది. మిన్యాన్‌కు ఇది పనికిరాదు. చాల్ఘీకి పనికొస్తుంది, కైరో వేదిక మీద కుబ్బాంచీ పాడినప్పుడు ఆ చుట్టూ కూర్చున్నవారి మతం వేరే కదా. అల్ కువైతీ సోదరుల పాటలను ఈ శతాబ్దంలో మళ్ళీ జనంలోకి తెచ్చింది దావూద్ మనుమడు దూదూ తస్సా. రాక్ బృందంతో, గిటార్ పక్కన ఖానూన్ పెట్టుకుని, తాతల బాణీలను అరబ్బీలోనే పాడాడు. 2017లో రేడియోహెడ్ అమెరికా కచేరీలకు ముందు వినిపించింది ఆ పాటలే.