స్టేడియం ఊరి నడుమకు వస్తానంటే

2024 ఏప్రిల్ 2న అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం, జాక్సన్ కౌంటీ ప్రజలు ఒక ప్రశ్న మీద ఓటేశారు. కాన్సస్ సిటీ బేస్‌బాల్ జట్టు రాయల్స్‌కు నగరం నడిబొడ్డున కొత్త స్టేడియం కట్టడానికీ, ఫుట్‌బాల్ జట్టు చీఫ్స్ ఆడే ఆరోహెడ్ స్టేడియాన్ని బాగుచేయడానికీ మరో 40 ఏళ్లు అమ్మకపు పన్ను కడతారా అన్నది ఆ ప్రశ్న. చీఫ్స్ తన ఆటలో అతిపెద్ద టైటిల్ అయిన సూపర్ బౌల్ గెలిచి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. అభిమానం అంతగా పొంగుతున్న వేళ కూడా నూటికి 58 మంది వద్దన్నారు. జట్ల మీద కోపంతో వేసిన ఓటు కాదది. వాళ్లు దేన్ని వద్దన్నారో కాస్త విడదీసి చూడాలి.

రాయల్స్ ఇప్పుడు ఆడుతున్న కాఫ్‌మన్ స్టేడియం 1973లో తెరిచారు. డౌన్‌టౌన్‌కు తూర్పున, రెండు పెద్ద హైవేలు కలిసే చోట, పార్కింగ్ స్థలాల మధ్య ఉంటుంది. మైదానం అవతలి అంచున ఎగసిపడే ఫౌంటెన్లు దాని గుర్తు. ఆ రోజుల్లో చాలా నగరాలు బేస్‌బాల్‌కూ ఫుట్‌బాల్‌కూ కలిపి ఒకటే గుండ్రటి స్టేడియం కట్టేవి. కాన్సస్ సిటీ మాత్రం ఏ ఆటకు ఆ మైదానం పక్కపక్కనే కట్టుకుంది. తోటి స్టేడియాలు చాలావరకు నేలమట్టమైనా ఇది నిలిచిందంటే అదే కారణం. 2006లో ఇదే కౌంటీ ఓటర్లు వీటి మరమ్మతుల కోసం అమ్మకపు పన్నుకు సరేనన్నారు. కాఫ్‌మన్ మీద సుమారు 25 కోట్ల డాలర్లు ఖర్చయింది. ఆ పన్ను గడువూ, జట్ల లీజు గడువూ 2031లో తీరతాయి.

జట్టును 2019లో సుమారు 100 కోట్ల డాలర్లకు కొన్న స్థానిక వ్యాపారి జాన్ షెర్మన్, 2022 నవంబరులో అభిమానులకు బహిరంగ లేఖ రాశారు. డౌన్‌టౌన్‌లోగానీ దాని చుట్టుపక్కల గానీ కొత్త స్టేడియం, దాన్ని ఆనుకుని హోటళ్లు, ఇళ్లు, ఆఫీసులు కడతామనీ, మొత్తం 200 కోట్ల డాలర్ల పని అనీ చెప్పారు. పాత స్టేడియం కాంక్రీటు చెడిపోతోందన్నది జట్టు చెప్పిన కారణాల్లో ఒకటి. సిమెంటులోని క్షారం, కంకరలోని సిలికా తేమ తగిలితే కలిసి జిగురులాంటి పదార్థం పుడుతుంది. అది నీరు పీల్చి ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును లోపలి నుంచే చీలుస్తుంది. పైపూతలతో ఆగే జబ్బు కాదు. ఇది కాంక్రీటుకు నిజంగా వచ్చే సమస్యే. కానీ ఒక్క కాంక్రీటే కారణమైతే ఉన్నచోటే కొత్తది కట్టుకోవచ్చు. హైవే పక్కన ఉన్న స్టేడియానికి ఆట లేని రోజున ఎవరూ రారు. ఊరి మధ్య ఉంటే చుట్టూ ఉన్న దుకాణాల అద్దె ఏడాది పొడవునా వస్తుంది. అసలు ఆకర్షణ అక్కడుంది. యజమాని అలా ఆలోచించడంలో తప్పేమీ లేదు, ఆ లెక్కను ప్రజల ముందు కూడా అంతే స్పష్టంగా పెట్టాలి, అంతే.

ఈ ఆలోచనకు మూలం 1992లో బాల్టిమోర్‌లో తెరిచిన కామ్డెన్ యార్డ్స్. పాత రైల్వే యార్డు స్థలంలో, ఇటుక గోదామును పడగొట్టకుండా దాని పక్కనే కట్టిన ఆ మైదానం చూసి నగరం తర్వాత నగరం తన జట్టును శివారు నుంచి మధ్యకు తెచ్చుకుంది. దాన్ని గీసిన ఆర్కిటెక్టుల సంస్థ, ఇప్పటి పేరు పాపులస్, కాన్సస్ సిటీదే. దేశమంతా డౌన్‌టౌన్ స్టేడియాలు గీసిపెట్టిన ఊరికి తన బేస్‌బాల్ జట్టు ఇంకా హైవే పక్కనే ఉందన్న వెలితి ఉండటం సహజం.

స్టేడియం వస్తే ఊరు బాగుపడుతుందా? ఆర్థికవేత్తలు దాదాపు ఒకే గొంతుతో మాట్లాడే విషయాలు తక్కువ. ఇది వాటిలో ఒకటి. రోజర్ నోల్, ఆండ్రూ జింబలిస్ట్ 1997లో తెచ్చిన సంకలనం మొదలుకొని నేటిదాకా వచ్చిన అధ్యయనాల సారం ఒకటే: ప్రజలు పెట్టిన సొమ్ముకు తగినంత కొత్త ఆదాయం ఊరికి రాదు. కారణం తేలికగానే అర్థమవుతుంది. ఒక కుటుంబం శనివారం సాయంత్రం ఆటకు వెళ్లి 200 డాలర్లు ఖర్చు పెట్టిందనుకుందాం. ఆట లేకపోతే ఆ డబ్బు అటక మీద దాచుకోరు. ఇంటి దగ్గర హోటల్లోనో, సినిమాకో, బౌలింగ్‌కో పెడతారు. ఆ హోటల్లో తగ్గిన అమ్మకమే స్టేడియంలో పెరిగిన అమ్మకం. పైగా స్టేడియంలో పెట్టిన దానిలో పెద్ద భాగం ఆటగాళ్ల జీతాలకు పోతుంది. సీజన్ అయిపోగానే వాళ్లలో చాలామంది వేరే రాష్ట్రాల్లోని సొంత ఇళ్లకు వెళ్లిపోతారు. బేస్‌బాల్‌లో సొంత మైదానంలో ఏడాదికి 81 ఆటలు. ఎనిమిదో తొమ్మిదో ఆటలతో సరిపెట్టే ఫుట్‌బాల్ కంటే నయమే, అయినా మిగతా 284 రోజులు అక్కడ ఆట ఉండదు.

అయితే ఇక్కడితో ఆగిపోవడం నాకు సరిగా తోచదు. ఊరి మొత్తం ఆదాయం పెరగకపోయినా, ఖర్చు శివారు నుంచి మధ్యకు జరగడం చిన్న విషయం కాదు. ట్రాములు, నడిచే దారులు, ఖాళీ గోదాములు ఉన్నచోటుకు జనం రావడం నగరానికి మేలే. కాన్సస్ సిటీలో 2016 నుంచి టికెట్ లేని ట్రాము నడుస్తోంది. శాన్ డియేగోలో 2004లో పెట్కో పార్క్ తెరిచాక చుట్టుపక్కల పాత గోదాముల పేట రూపు మారిపోయింది. అక్కడ చుట్టూ కట్టాల్సిన భవనాలకు జట్టు యజమాని ముందే పూచీ పడ్డారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2000లో తెరిచిన సముద్రపు ఒడ్డు మైదానాన్ని జట్టు చాలావరకు ప్రైవేటు సొమ్ముతోనే కట్టుకుంది. కాబట్టి స్థలం మంచిదా చెడ్డదా అన్న ఒక్క వాదనతో ఈ గొడవ తేలదు. ఎవరు ఎంత పెడుతున్నారు, ఏది రాసిచ్చారు అన్న దగ్గర తేలుతుంది.

జాక్సన్ కౌంటీలో తేలింది కూడా అక్కడే. పన్ను రేటు డాలరుకు సెంటులో ఎనిమిదింట మూడు వంతులు, అంటే 100 డాలర్ల సరుకుకు 37 సెంట్ల పైచిలుకు. పాత పన్ను తీసేసి అదే రేటుతో కొత్తది వేస్తున్నాం, మీ బిల్లు పైసా పెరగదు అని జట్లు చెప్పాయి. మాట నిజమే. అయితే 2031లో తీరిపోవాల్సిన పన్ను 2060ల దాకా సాగుతుందన్నదీ అంతే నిజం. 40 ఏళ్లలో వసూలయ్యేది 200 కోట్ల డాలర్ల వరకు ఉంటుందని అంచనా. ఈ కౌంటీలో బియ్యం, పాలు, గుడ్ల మీద కూడా అమ్మకపు పన్ను పడుతుంది. సంపాదనలో ఎక్కువ భాగం సరుకులకే పోయే ఇంటివాళ్లు, తమ రాబడితో పోలిస్తే, బాల్కనీ సీట్లు కొనుక్కునే వాళ్లకంటే ఎక్కువ కడతారు.

సరిహద్దు సంగతి కూడా ఉంది. కాన్సస్ సిటీ రెండు రాష్ట్రాల మీద పరచుకున్న నగరం. మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే ఓవర్‌లాండ్ పార్క్, ఒలేతే లాంటి శివార్లు కాన్సస్ రాష్ట్రంలోవి. అక్కడివాళ్లు రాయల్స్ ఆటకు వెళ్తారు, టీషర్టులు కొంటారు, కానీ ఈ పన్ను వాళ్ల ఇంటి సరుకుల మీద పడదు, ఓటూ లేదు. మహానగరమంతా మనదని చెప్పుకునే జట్టును ఒక్క కౌంటీ మోయాలా అన్న ప్రశ్న జాక్సన్ కౌంటీలో చాలామందికి ఉంది.

ఇక స్థలం. డౌన్‌టౌన్ తూర్పున పార్కింగ్ స్థలాలు ఎక్కువగా ఉన్న ఈస్ట్ విలేజ్, నదికి ఉత్తరాన మరో కౌంటీలోని నార్త్ కాన్సస్ సిటీ అని 2023 ఆగస్టులో రెండు చోట్లు చూపించారు. ఓటుకు సరిగ్గా ఏడు వారాల ముందు, 2024 ఫిబ్రవరి 13న, మూడో చోటు ప్రకటించారు: క్రాస్‌రోడ్స్. కాన్సస్ సిటీ స్టార్ పత్రిక 2006లో తెరిచి, 2021లో అచ్చు ఆపేసిన గాజు గోడల ప్రెస్ భవనం, దాని చుట్టుపక్కల వీధులు. క్రాస్‌రోడ్స్ ఖాళీ స్థలం కాదు. పాత ఇటుక భవనాల్లో చిత్రకారులు, చిన్న రెస్టారెంట్లు, బార్లు ఒక్కొక్కటిగా వచ్చి నిలబెట్టుకున్న పేట. ప్రతి నెలా మొదటి శుక్రవారం గ్యాలరీలు చూడటానికి జనం అక్కడికి వస్తారు. ఎవరి సాయమూ లేకుండా బతికించుకున్న వీధిని, బతికించడానికి వస్తున్నామంటూ పడగొడతారా అని అక్కడి దుకాణదారులు అడిగారు. ఆ మాటకు ఎదురు చెప్పడం కష్టం. ఓక్ స్ట్రీట్‌ను మూసేస్తామని ఒకసారి, మూయమని తర్వాత చెప్పారు. ప్రజలకు ఇచ్చే హామీల వివరాలు చివరి రోజుల్లో బయటికొచ్చాయి. ఓటు రోజుకు లీజు ఒప్పందం మీద సంతకాలే కాలేదు.

ఈ ఘట్టంలో నాకు బాగా నచ్చిన మనిషి ఫ్రాంక్ వైట్. యువకుడిగా కాఫ్‌మన్ స్టేడియం కట్టడంలో కూలీగా పనిచేశాడు. తర్వాత అదే మైదానంలో 18 ఏళ్లు రాయల్స్‌కు ఆడాడు, ఫీల్డింగ్‌కు ఇచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డులు ఎనిమిది గెలిచాడు. ఆయన 20వ నంబరు చొక్కా ఇంకెవరికీ ఇవ్వరు. స్టేడియంలో ఆయన విగ్రహం ఉంది. 2024 నాటికి ఆయన కౌంటీ పాలనాధిపతి. ఒప్పందం ప్రజలకు న్యాయంగా లేదంటూ ఈ ప్రశ్నను బ్యాలెట్‌కు పంపే తీర్మానాన్ని వీటో చేశారు. కౌంటీ సభ ఆ వీటోను కొట్టేసింది, ఆయన మాత్రం చివరిదాకా వద్దనే అన్నారు. ఆ జట్టును ఆయనకంటే ఎక్కువ ప్రేమించానని చెప్పుకోగలవాళ్లు ఆ ఊళ్లో ఎంతమంది ఉంటారు?

సరేనన్న 42 శాతాన్ని తెలివితక్కువ వాళ్లనడం అన్యాయం. జట్టు వెళ్లిపోతుందేమోనని అనుభవం నేర్పిన భయం వాళ్లది. 1955 నుంచి కాన్సస్ సిటీలో అథ్లెటిక్స్ అనే జట్టు ఉండేది. 1967 సీజన్ కాగానే యజమాని చార్లీ ఫిన్లీ దాన్ని ఓక్లండ్‌కు తరలించుకుపోయాడు. మిస్సోరి సెనేటర్ స్టువర్ట్ సిమింగ్టన్ ఒక్కటే బెదిరింపు వాడాడు: గుత్తాధిపత్య చట్టాల నుంచి బేస్‌బాల్‌కున్న మినహాయింపును పీకేయిస్తానని. 1922లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన మినహాయింపు అది. దెబ్బకు 1969లో రాయల్స్ పుట్టింది. జట్లు 30 మాత్రమే, కావాలనే నగరాలు అంతకంటే ఎక్కువ. ఎన్ని జట్లుండాలో నిర్ణయించేది యజమానుల సంఘమే. బేరంలో నగరం చెయ్యి ఎప్పుడూ కిందే ఉండటానికి మూలం ఈ కొరత. ఓక్లండ్ కూడా 2024 సీజన్‌తో అథ్లెటిక్స్‌ను పోగొట్టుకుంది.

ఓటు తర్వాత భయం సగం నిజమైంది. కాన్సస్ రాష్ట్రం 2024 జూన్‌లోనే చట్టం మార్చి, స్టేడియం ఖర్చులో 70 శాతం వరకు బాండ్లతో సమకూర్చగలిగేలా చేసుకుంది. ఏడాది తర్వాత మిస్సోరి 50 శాతం వరకు ఇస్తానంది. 2025 డిసెంబరులో చీఫ్స్ సరిహద్దు దాటి కాన్సస్ వైపు కొత్త స్టేడియానికి వెళ్తున్నట్టు ప్రకటించింది. కాన్సస్ పద్ధతిలో ఒక ప్రాంతం గీసి, ప్రధానంగా అందులో వసూలయ్యే అమ్మకపు పన్నుతో బాండ్ల బాకీ తీరుస్తారు. ఎవరి జేబుకూ చిల్లు పడనట్టు కనిపిస్తుంది. కానీ శనివారపు 200 డాలర్ల లెక్క ఇక్కడా వర్తిస్తుంది. ఆ ప్రాంతంలో కొనేవాళ్లు లేకపోతే రాష్ట్రంలో ఇంకెక్కడో కొనేవాళ్లే, ఆ పన్ను బడులకో రోడ్లకో వెళ్లేది. ఓవర్‌లాండ్ పార్క్‌లో ఇదే తరహా బాండ్లతో కట్టిన ప్రెయిరీఫైర్ మ్యూజియం, దుకాణాల సముదాయం బాకీ తీర్చలేకపోయింది.

ఇలాంటి ప్రతిపాదన వస్తే పౌరులు అడగాల్సింది బొమ్మలు కాదు, కాగితాలు. ఓటుకు ముందే సంతకమైన లీజు, అంచనా దాటిన ఖర్చు ఎవరిదన్న హామీ, గడువుకు ముందు జట్టు వెళ్లిపోతే కట్టాల్సిన పరిహారం. వీటితోపాటు కొత్త స్టేడియం వల్ల జట్టు విలువ పెరిగితే అందులో ప్రజల వాటా కూడా రాయించుకోవాలి. ఇది దొరకని కోరిక కాదు. మినియాపోలిస్ డౌన్‌టౌన్‌లో 2010లో తెరిచిన ట్విన్స్ జట్టు స్టేడియం కోసం మినెసోటా 2006లో చేసిన చట్టంలో, పదేళ్లలోపు జట్టును అమ్మితే ధరలో కొంత భాగం ప్రజలకు చెందాలని రాసే ఉంది.