ఖాతాలో పడ్డ సొమ్ము.. చదువు దాకా వస్తోందా?

ఈ నెల మీ ఇంట్లో ఎవరెవరి ఖాతాల్లో ప్రభుత్వ సొమ్ము పడింది? నాయనమ్మకు ఆసరా పింఛను, నాన్నకు రైతు భరోసా, మీకు ఉపకార వేతనం. లెక్క వేస్తే చిన్న మొత్తమేమీ కాదు. మరి అందులో మీ చదువు దాకా వచ్చేదెంత? నార్కట్‌పల్లి నుంచి నల్లగొండ కాలేజీలకో, ఆ దారిలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయానికో బస్సెక్కే విద్యార్థికి ఇది పరీక్షలో వచ్చే ప్రశ్న మాత్రమే కాదు, ఇంటి ప్రశ్న కూడా.

ప్రభుత్వ సాయాన్ని నేరుగా బ్యాంకు ఖాతాలో వేసే ప్రత్యక్ష నగదు బదిలీ (డీబీటీ) మన దేశంలో 2013 జనవరి 1న మొదలైంది. 2014లో జన్‌ధన్ ఖాతాలు వచ్చాక ఊరూరికీ చేరింది. మధ్యలో చేతులు తగ్గాయి. అయితే డబ్బు పడినంత మాత్రాన చదువు సాగుతుందని చెప్పలేం. అది ఎవరి ఖాతాలో పడుతోంది, ఏ నెలలో పడుతోంది, ఏ షరతు మీద పడుతోంది అన్న మూడు విషయాలే ఫలితాన్ని తేలుస్తాయి.

భూమి ఉంటేనే..

తెలంగాణలో 2018 మేలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరాకు పంటకు రూ.4 వేలు. తర్వాత రూ.5 వేలైంది. 2025 జనవరి 26న రైతు భరోసాగా మారి రూ.6 వేలకు చేరింది. మూడెకరాలున్న కుటుంబానికి ఏడాదికి రూ.36 వేలు. వానాకాలం సాయం అందే రోజులూ, కాలేజీలు తెరిచే రోజులూ దాదాపు ఒకటే. విత్తనాలు, ఎరువులు కొన్నాక మిగిలిందే ఫీజుకు. అయినా వడ్డీకి తెచ్చే అప్పు ఆ మేరకు తగ్గుతుంది కదా!

మరి కౌలుకు పత్తి వేసిన కుటుంబం సంగతి? సాయం పట్టా ఉన్నవారికే వెళ్తుంది. సెంటు భూమి లేని కూలీ కుటుంబాల కోసం 2025 జనవరిలోనే ఇందిరమ్మ ఆత్మీయ భరోసాను ప్రకటించారు. ఉపాధి హామీలో ఏడాదికి కనీసం 20 రోజులు పనిచేసినవారికి రూ.12 వేలు. పక్కపక్క బెంచీల్లో కూర్చునే ఇద్దరు విద్యార్థుల ఇళ్లకు వచ్చే సాయంలో ఇంత తేడా ఉంటుంది. అందుకే భూమితో పని లేకుండా చదివేవారినే చూసి ఇచ్చే ఉపకార వేతనం పేదింటికి అంత ముఖ్యం.

అమ్మ ఖాతాకు వేస్తే..

పొరుగున ఆంధ్రప్రదేశ్ వేరే దారి పట్టింది. 2020 జనవరి 9న చిత్తూరులో మొదలైన అమ్మఒడిలో, ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా పిల్లల్ని చదివించే తల్లి ఖాతాకు ఏడాదికి రూ.15 వేలు కేటాయించారు. 75 శాతం హాజరు షరతు. ఇద్దరు పిల్లలున్నా సాయం తల్లికి ఒక్కటే. 2025లో వచ్చిన తల్లికి వందనం పథకంలో దాన్ని పిల్లల సంఖ్యను బట్టి ఇవ్వడం మొదలుపెట్టారు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. మెక్సికో 1997లోనే ప్రోగ్రెసా పేరుతో తల్లులకు డబ్బిచ్చింది. పై తరగతుల్లో ఆడపిల్లలకు మగపిల్లల కంటే ఎక్కువ ఇచ్చింది. ప్రాథమిక తరగతుల్లో పిల్లలు అప్పటికే బడికి వెళ్తున్నారు. కాబట్టి పెద్ద మార్పు ఆ తర్వాతి తరగతుల్లోనే కనిపించింది. పిల్లలు బడి మానేసేది ఎక్కడో అక్కడ ఇచ్చే రూపాయికే బలం ఎక్కువ.

ఆఫ్రికాలోని మలావీలో జరిగిన ప్రయోగం ఇంకో సంగతి చెప్పింది. బడికి వెళ్తేనే డబ్బు అన్నప్పుడు చదువు మానేసే అమ్మాయిలు బాగా తగ్గారు. షరతు లేకుండా ఇచ్చినప్పుడు చదువులో ఫలితం తక్కువే, కానీ మానేసిన అమ్మాయిలకు తొందరగా పెళ్లిళ్లు కావడం తగ్గింది. అంటే షరతు ఒక మేలు చేస్తే, షరతు లేకపోవడం మరో మేలు చేసింది.

ఈ కోణంలో మన కల్యాణలక్ష్మిని చూడండి. 18 నిండిన అమ్మాయి పెళ్లికి రూ.1,00,116. పశ్చిమ బెంగాల్‌లో 2013 నుంచి ఉన్న కన్యాశ్రీలో, 18 నిండేనాటికి పెళ్లి కాకుండా చదువుతున్న అమ్మాయికి రూ.25 వేలు. రెండూ బాల్యవివాహాన్ని అడ్డుకునేవే. కానీ ఒకటి పెళ్లికి ఇస్తుంది, రెండోది చదువుకు ఇస్తుంది. గ్రూప్స్ రాసేవారు ఈ పోలికను నోట్సులో రాసుకోవచ్చు.

ఆలస్యమైతే ఎవరికి దెబ్బ?

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలైంది. ఇంజినీరింగ్‌లో చాలా ఏళ్లుగా బీసీ, ఈబీసీ విద్యార్థుల్లో పది వేల లోపు ర్యాంకుకు మొత్తం ఫీజు, ఆపైన ర్యాంకైతే రూ.35 వేల వరకే ఇస్తున్నారు. కాలేజీ ఫీజు అంతకు మించితే తేడా ఇంట్లోవాళ్లదే. ఇక బకాయిల సంగతి మీకు తెలిసిందే. 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు వాటి కోసమే బంద్ చేశాయి.

ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య లెక్క తేలకపోతే నలిగేది విద్యార్థే. 'ముందు మీరు కట్టండి, వచ్చాక తిరిగిస్తాం' అనే మాట చాలామంది విన్నదే. చదువు పూర్తయి ఉద్యోగం చేతికొచ్చాక టీసీ, మెమోలు ఆగితే చేరాల్సిన తేదీ దాటిపోతుంది. నాన్న మళ్లీ వడ్డీ వ్యాపారి గడప తొక్కాలి. సాయం ఎంత అన్నదానితో పాటు ఎప్పుడు అన్నదీ అంతే ముఖ్యమని చెప్పేది ఇందుకే.

మీ చేతిలో ఉన్నవి

* ఈపాస్‌లో ఏటా రెన్యూవల్ చేయాలి. గడువు పెంచుతారులే అని కూర్చోకండి.
* ఆధార్‌ను చివరగా ఏ ఖాతాకు అనుసంధానం చేశారో నగదు అందులోకే వెళ్తుంది. కొత్త ఖాతా తెరిచినవారు బ్యాంకులో అడిగి చూసుకోండి.
* పదో తరగతి మెమో, ఆధార్, పాస్‌బుక్‌లలో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి.
* ఆదాయ పరిమితి ఎస్సీ, ఎస్టీలకు రూ.2 లక్షలు, బీసీ, ఈబీసీలకు గ్రామాల్లో రూ.1.5 లక్షలు, పట్టణాల్లో రూ.2 లక్షలు. మీసేవ ధ్రువపత్రం ముందే తీసుకోండి.
* హాజరు 75 శాతానికి తగ్గనీయకండి. పార్ట్‌టైం పని చేస్తున్నవారు నెలనెలా లెక్క చూసుకోవాలి.
* కాలేజీకి కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగండి. రీయింబర్స్‌మెంట్ వచ్చాక తిరిగి తీసుకోవడానికి అదే ఆధారం.
* ప్రవేశాల సమయంలో ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలించి వెంటనే తిరిగివ్వాలని, దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది. ఇవ్వకపోతే నోటిమాటతో సరిపెట్టకండి, రాతపూర్వకంగా అడగండి.

గ్రూప్-2 మూడో పేపర్ ఆర్థిక వ్యవస్థ, అభివృద్ధి మీదే. అక్కడ నగదు బదిలీ గురించి ప్రశ్న వస్తే పథకాల పేర్లు, అంకెలు వల్లె వేస్తే సరిపోదు. ఏ ఇంటికి చేరింది, ఏ ఇంటిని దాటిపోయింది, చేరిన చోట పిల్లల చదువు నిలిచిందా అన్నది తెలిసి ఉండాలి. దానికి మొదటి ఉదాహరణ మీ ఇంటి పాస్‌బుక్కే. ఓసారి తీసి చూడండి.