పొదుగువాపుకు ఏ మందు? గాజు పళ్లెం చెబుతుంది!

పాడి గేదెకు పొదుగు వాచింది. పాలు విరిగి పెళ్లలు పెళ్లలుగా పడుతున్నాయి. ఒక సూది వేయించారు, తగ్గలేదు. మందు మార్చి మరొకటి వేయించారు, అదీ పనిచేయలేదు. ఈలోగా చన్ను గట్టిపడి పాలు రావడం మానేసింది. సంతకు తోలితే మూడు చన్నుల గేదె ఎంత పలుకుతుందో పాడి రైతుకు వేరే చెప్పాలా?

రోగం తెచ్చిన సూక్ష్మక్రిమి ఏ మందుకు లొంగుతుందో పాలను పరీక్షించి తెలుసుకోవచ్చు. వసతి ఉన్న పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలల్లోనూ, తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ వంటి పశువైద్య కళాశాలల్లోనూ ఈ పరీక్ష చేస్తారు.

అసలు కిటుకంతా పాలు తీయడంలోనే ఉంది. సూది వేయక ముందే తీయాలి. వేశాక తీస్తే మందు పాలలోకి దిగి క్రిమి సరిగా పెరగదు, పరీక్ష దండగవుతుంది. పొదుగు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, చన్ను మొనను స్పిరిట్ దూదితో అద్దాలి. మొదటి ధారలు పారబోసి, ఆ తర్వాతి పాలు కొద్దిగా ప్రయోగశాల వారిచ్చిన సీసాలోకి పితకాలి. మూత బిగించి, ఐసులో పెట్టి అదే రోజు చేర్చాలి. చేతి మురికి పడిందా, అక్కడ పెరిగేది పొదుగులోని క్రిమి కాదు, పేడలోది!

ప్రయోగశాలలో గాజు పళ్లెంలో జున్నులా గడ్డకట్టిన ఆహారం ఉంటుంది. దానిమీద పాలు పూసి 37 డిగ్రీల వేడిలో ఒక రోజు ఉంచితే క్రిములు చుక్కలుగా పెరుగుతాయి. వాటిని ఉప్పునీటిలో కలిపి మరో పళ్లెం నిండా పూసి, ఒక్కో మందు అద్దిన కాగితపు బిళ్లలను దూరదూరంగా అమరుస్తారు. మర్నాటికి పళ్లెమంతా క్రిములు పొరకడతాయి. పనిచేసే మందు బిళ్ల చుట్టూ మాత్రం ఖాళీ వలయం మిగులుతుంది. దాన్ని స్కేలుతో కొలుస్తారు.

వలయం పెద్దదైతే ఆ మందే గొప్పదనుకుంటే పొరపాటు. స్టెఫిలోకాకస్ అనే క్రిమి మీద జెంటామైసిన్‌కు 15 మిల్లీమీటర్లుంటే చాలు. పెన్సిలిన్‌కు 29 ఉండాలి, 25 వచ్చినా పనికిరానట్టే. ఈ పద్ధతిని ఒక దారికి తెచ్చి 1966లో ప్రకటించినవారు అమెరికాలోని బాయర్, కిర్బీ, వారి సహచరులు.

ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. అంతదాకా వైద్యం ఆపనక్కర్లేదు. పాలు తీసి పంపాక డాక్టరు ఒక మందు మొదలుపెడతారు, ఫలితం చూసి అవసరమైతే మారుస్తారు. అయితే పళ్లెంలో గెలిచిన మందు కూడా బాగా గట్టిపడిన పొదుగులోకి చొరలేకపోవచ్చు. వాపు కనిపించిన రోజే కదలాలనేది ఇందుకే. మందు వాడినన్నాళ్లూ, ఆపాక సీసాపై రాసిన గడువు తీరేదాకా, ఆ పాలు కేంద్రంలో పోయకూడదు.