పది రూపాయల బిళ్లకు విలువెంత?

"ఇది నడవదన్నా, నోటు ఇయ్యి."

మాదాపూర్‌లో చాయ్ బండి దగ్గర, గచ్చిబౌలిలో షేర్ ఆటో దిగేటప్పుడు పది రూపాయల బిళ్ల ఇస్తే వినిపించే మాట ఇది. ఫోన్‌తో స్కాన్ చేసేవాళ్లకు పట్టదు. ఆఫీసులు ఊడ్చే అమ్మకు, గేటు దగ్గర నిలబడే గార్డుకు మాత్రం పది బిళ్లలు నడవకపోతే వంద రూపాయలు పోయినట్టే.

ఆ బిళ్ల చెల్లుతుంది. అనుమానమంతా రూపాల్లో తేడా వల్ల పుట్టింది. 2009లో జనం చేతికొచ్చిన పది రూపాయల నాణేల మీద రూపాయి గుర్తు లేదు, 2011 నుంచి ఉంది. కొన్నిటి మీద పది గీతలు, కొన్నిటి మీద పదిహేను. ఆ పదిహేను గీతల నాణెం సమాచార సాంకేతికతను తలపించేలా వేసిందే. దాన్ని ఐటీ కారిడార్‌లోనే కాదంటే బాధేస్తుంది. 2018 జనవరిలో రిజర్వ్ బ్యాంక్ అప్పటిదాకా వచ్చిన 14 రూపాలూ చెల్లుతాయని ప్రకటించింది. 2011 నాణేల చట్టం ప్రకారం రూపాయి, అంతకు మించిన నాణేలతో వెయ్యి రూపాయల దాకా చెల్లించవచ్చు. 2011 జూన్ 30తో పోయింది పావలా, అంతకన్నా చిన్నవి. అర్ధరూపాయి ఇప్పటికీ చెల్లుతుంది.

నాణెం మీది సంవత్సరం కింద చూడండి. ఐదు మొనల నక్షత్రం ఉంటే అది మన హైదరాబాద్‌లో పుట్టింది. వజ్రం ముంబైది, చుక్క నోయిడాది, గుర్తేమీ లేకపోతే కోల్‌కతాది. నిజాం కాలంలో 1803లో మొదలైన మన టంకశాల 1903లో సైఫాబాద్‌కు, 1997లో చర్లపల్లికి మారింది. ఆ మరుసటి ఏడాదే నగరానికి ఈ చివర సైబర్ టవర్స్ ప్రారంభమైంది.

ఇంతకీ తయారీకి ఎంతవుతుంది? 2018లో సమాచార హక్కు కింద వెలుగులోకి వచ్చిన లెక్క ప్రకారం రూపాయి నాణేనికి 1.11 రూపాయలు, పది నాణేనికి 5.54. రూపాయి బిళ్ల వేస్తే ప్రభుత్వానికి నష్టం, పది వేస్తే మిగులు. కానీ మన చేతిలో దాని విలువను ఈ ఖర్చు నిర్ణయించదు, మీద వేసిన అంకె నిర్ణయిస్తుంది. లోహం కోసం కరిగిస్తే నేరం.

మరి వైష్ణోదేవి బొమ్మున్న నాణేనికి లక్షలు ఇస్తామనే ప్రకటనలు? నమ్మకండి. అది 2012లో వచ్చిన మామూలు చెలామణి నాణెం. సేకరించేవాళ్లు అచ్చు తప్పినవి, చేతులు మారకుండా మెరుపు పోనివి వెతుకుతారు. జేబుల్లో అరిగిన బిళ్లకు దాని మీది ధరే ధర. రిజర్వ్ బ్యాంక్ పేరు చెప్పి ముందు కమీషన్, పన్ను కట్టమంటే అది మోసం. ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ఈ హెచ్చరిక చేసింది.

చాయ్ బండి అతనిది మొండితనం కాదు. పాలవాడు తీసుకోడేమోనని అతని భయం. ఏ బ్యాంకు శాఖైనా నాణేలు తీసుకోవాలి, కానీ బండి వదిలి వరసలో నిలబడే తీరిక అతనికెక్కడిది? మనకు ఫోనుంది. అతని డబ్బాలో పోగైన బిళ్లలు తీసుకుని అంత మొత్తం అతని ఫోన్‌కు పంపి, వాటిని మనమే ఖర్చు పెడదాం.