తుపాను వేళ వ్యవసాయ సలహా: వేగంతో పాటు తాజాదనం

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణాలను బలిగొన్నది. సకాలంలో అందే హెచ్చరిక విలువ ఈ డెల్టాకు వేరుగా చెప్పనక్కరలేదు. నేడు తుపాను సూచన వెలువడగానే మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతాలలో వరి కోతకు వచ్చిన రైతులెందరో ఒకేసారి సలహా పుటను తెరుస్తారు. మూల సర్వరు ఒక్కటే అయితే ఆ తాకిడికి స్తంభించే ప్రమాదం ఉంది.

కంటెంట్ డెలివరీ నెట్‌వర్క్, అనగా సి.డి.ఎన్., ఈ భారాన్ని పంచుతుంది. బ్రీడర్ విత్తనం ఫౌండేషన్, సర్టిఫైడ్ దశలలో వృద్ధి చెంది రైతుకు స్థానికంగా లభించినట్లే, మూల పుటల నకళ్లు హైదరాబాదు, చెన్నై వంటి నగరాలలోని సర్వర్లలో నిలువ ఉండి, చదువరికి సమీపం నుండి అందుతాయి. దూరం తగ్గినందున జాప్యం తగ్గుతుంది. సర్వరును కూలదోయటానికి పంపే బూటకపు అభ్యర్థనల వెల్లువను సైతం ఈ సర్వర్లే వడపోసి, మూలాన్ని కాపాడతాయి. 1998లో అమెరికాలో స్థాపితమైన అకమై సంస్థ ఈ రంగానికి ఆద్యులలో ఒకటి.

అయితే ప్రతి నకలుకూ గడువు ఉంటుంది. అది తీరేవరకు పాత పుటే కనిపించవచ్చు. తడిసిన పనలపై 5 శాతం ఉప్పు ద్రావణం పిచికారీ చేయాలన్న సిఫారసు తరచు మారదు. దానికి రోజుల గడువు చాలును. తుపాను సలహాకు మాత్రం నిమిషాల గడువే ఉండాలి. సలహా మారిన తక్షణమే పాత నకళ్లను తొలగించాలి. పుటపై జారీ చేసిన తేదీ, సమయం స్పష్టంగా కనిపించాలి. వరి కోయవచ్చునన్న నిన్నటి సలహా నేడు ఎంత వేగంగా చేరితే అన్ని పనలు నీట మునుగుతాయి.