తుప్పుతో పోరు

చలి కాస్త వెనుకడుగు వేసే రోజుల్లో రాజధాని వీధులలో పాత కార్ల ఊరేగింపు ఒకటి సాగడం పరిపాటి. స్టేట్స్‌మన్ పత్రిక 1964లో దీనికి శ్రీకారం చుట్టింది. ఒకప్పుడు నైజాం స్టేట్ రైల్వే సేవలో ఉండి, పిమ్మట ఇక్కడి రైల్ మ్యూజియానికి చేరిన 1914 నాటి జాన్ మోరిస్ అగ్నిమాపక శకటం కూడా ఇందులో గంట మోగించుకుంటూ సాగిన సందర్భాలున్నాయి. దానిని చూసినప్పుడు తెలుగువాడికి కలిగే ముచ్చట వేరు. దారికి ఇరుపక్కలా నిలిచిన జనం చూసేది మెరుగు దిద్దిన ఇత్తడిని, అద్దంలాంటి రంగును. ఊరేగింపు దాకా రాలేక షెడ్లలోనే మూలుగుతున్న బండ్ల సంగతి ఎవరికీ పట్టదు. ఈ వారం అట్టి ఒక బండిని గురించి.

దక్షిణ ఢిల్లీలోని ఒక పాత బంగళా వెనుక, రేకుల షెడ్డులో ఉన్నది 1958 నాటి ఎం.జి.ఎ. ఇద్దరు మాత్రమే కూర్చోగల, పైకప్పు తీసివేయగల ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. 1955 నుంచి 1962 వరకు ఆబింగ్డన్ కర్మాగారంలో ఇవి లక్షకు పైగా తయారు కాగా, అత్యధిక భాగం సముద్రాలు దాటి అమెరికా చేరాయి. మన దేశానికి దిగినవి బహు స్వల్పం. ఈ బండి యజమాని ప్రభుత్వ కొలువులో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పంజాబీ పెద్దమనిషి. ఏడాదిన్నరలో రోడ్డెక్కిస్తానని ఇంట్లో మాట ఇచ్చి కొన్నారు. పదకొండేళ్లు గడిచాయి. ఆ మాట సంగతి ఇప్పుడు ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదట. ఎత్తకపోవడమే తనకు ఎక్కువ బాధగా ఉందంటారాయన.

మొదటి దెబ్బ రంగు గీకించినప్పుడు తగిలింది. పైకి నున్నగా కనిపించిన బాడీ మీద అరంగుళం మందాన లప్పం ఉంది. దాని కింద నూనె డబ్బాల రేకు ముక్కలు, రివెట్లు బయటపడ్డాయి. ఈ కారులో కాళ్ల కింద పరిచేది చెక్క పలకలే కనుక వాటి సంగతి చెదలు చూసుకున్నాయి. తలుపుల కింది భాగంలో తుప్పు తినగా మిగిలినది చేత్తో నలిపితే పొడి అయింది. ఆ భాగాన్ని కోసి కొత్త రేకు వేసిన వెల్డింగు పనివాడు, ముందు బాడీకి ఆధారపు కమ్మీలు కట్టలేదు. రేకు వేడికి ముడుచుకుంది. బాడీని ఛాసిస్ మీదికి దించి చూస్తే ఎడమ తలుపు మూతపడదు, కుడి తలుపు పక్కన వేలు దూరేంత సందు. వేసినదంతా కోసి మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది. అందుకు ఒక ఏడాది బలి. తలుపుల పైరేకు, బానెట్టు అల్యూమినియం. ఉక్కు రేకును సుత్తితో సరిచేసే చేయి అల్యూమినియం మీద అదే బలంతో పడితే లోహం సాగిపోతుంది. ఆ పాఠం కూడా ఈ బానెట్టు మీదనే నేర్చుకున్నారు.

విద్యుత్తు కథ ఇంకా విచిత్రం. ఆరేసి వోల్టుల బ్యాటరీలు రెండు, సీట్ల వెనుక ఉంటాయి. పైగా వీటిలో ధన ధ్రువాన్ని బాడీకి కలుపుతారు. ఈనాటి కార్లలో కలిపేది రుణ ధ్రువం. కుర్ర మెకానిక్కు అలవాటు చొప్పున కలిపాడు. కటౌటు కాలిపోయింది.

విడిభాగాలు దొరకవా అంటే, దొరుకుతాయి. ఇంగ్లండులో ఈ కారుకు ఇప్పటికీ రబ్బరు పట్టీ మొదలు మడ్‌గార్డు దాకా తయారుచేసి అమ్మేవారున్నారు. వచ్చిన చిక్కంతా నౌక ఖర్చు, కస్టమ్స్ సుంకం, ఆపై నిరీక్షణ. అందుచేత యజమాని ముందుగా కాశ్మీరీ గేటు దుకాణాలు, పిమ్మట మాయాపురి పాత ఇనుము గుట్టలు గాలించారు. 2010లో ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాల నుంచి వచ్చిన కోబాల్టు తుక్కు ఒకరి ప్రాణం తీసిన చోటు ఆ మాయాపురి. అక్కడ దొరకని వస్తువు లేదని ఢిల్లీవాసుల నమ్మకం. ఈయనకు దొరికినవి రెండు దీపాల చట్రాలు, ఒక స్టీరింగు చక్రం. చక్రం వేరే కారుది.

ఇక గుండెకాయ సంగతి. దిగుమతులపై ఆంక్షలు బిగిసిన కాలంలో విదేశీ కారు ఇంజను చెడిపోతే దేశీయ ఇంజను పెట్టడం తప్ప గత్యంతరం లేకపోయేది. ఈ బండిలోనూ ఏ పూర్వ యజమానో అంబాసిడర్ ఇంజను బిగించాడు. నిజానికి ఇది మరీ అన్యాయమైన సంబంధం కాదు. ఎం.జి.ఎ. తొలి ఇంజను, 1959 తరువాతి అంబాసిడర్ ఇంజను ఒకే బి.ఎం.సి. వంశానికి చెందినవి, రెండూ 1489 సి.సి.లే. దానికి జంట కార్బురేటర్లు, దీనికి ఒంటిది. సైన్యానికి గుర్రాన్ని, టాంగాకు గుర్రాన్ని ఒకే కొట్టంలో పెంచినట్లు. 2014లో ఉత్తర్‌పారా కర్మాగారం మూతపడిన తరువాత ఈ టాంగా గుర్రానికి కూడా దాణా అరుదైపోతున్నది.

చట్టం వచ్చి అడ్డు నిలిచినది సరిగ్గా ఇక్కడనే. 2021 జులైలో కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ ప్రాచీన వాహనాలకు ప్రత్యేక నిబంధనలు జారీ చేసింది. తొలి రిజిస్ట్రేషను నాటి నుంచి యాభై ఏళ్లు దాటిన బండికి 20,000 రూపాయలు చెల్లిస్తే ‘వి.ఎ.’ అక్షరాలతో నంబరు ఇస్తారు. అది పదేళ్లు చెల్లుతుంది. ప్రదర్శనకో, ర్యాలీకో, మరమ్మతుకో, పెట్రోలు పోయించుకోవడానికో తప్ప రోడ్డెక్కకూడదు. అంతవరకు సబబే. అయితే బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో మార్పులు జరిగి ఉండరాదు. అరవై ఏళ్లు తుప్పు తిన్న రేకును కోసి కొత్తది వేయకుండా బండి బతకదు. ఎంత వేస్తే మరమ్మతు, ఎంత దాటితే మార్పు అనేది తేల్చవలసింది అధికారి. బొంబాయి నుంచి అక్రమంగా దింపిన బండ్లకు దొంగ పుట్టుక అంటగట్టేవారిని అరికట్టడానికి కట్టుదిట్టం అవసరమే కావచ్చు, కాని దిక్కులేని కాలంలో ఇంజను మార్చుకున్న బండిని వారితో ఒకే గాట కట్టడం న్యాయంగా తోచదు.

ఆ నంబరు రాకపోతే భయం మరొకటి. పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు రాజధానిలో తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014లో చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. గడువు తీరిన వాహనాలకు ఇంధనం పోయరాదని 2025 జులై 1న మొదలుపెట్టిన కార్యక్రమం ప్రజల గగ్గోలుకు కొద్ది రోజులలోనే ఆగినా, షెడ్డులో బండి ఉన్నవారికి ఆ నాలుగు రోజులు నిద్ర లేదు.

డబ్బు, చట్టం కన్నా ఆయనను కుంగదీసినది మిస్త్రీ మరణం. కరోల్ బాగ్ సందులో పనిచేసిన ఆ సర్దార్జీ ఇంజను చప్పుడు విని ఏ వాల్వు బిగువు తప్పిందో చెప్పేవాడట. అంగుళాల లెక్క పానాలు ఒక గుడ్డలో చుట్టి ఉండేవి, మిల్లీమీటరు పానాలను ఈ కారు దగ్గరకు రానిచ్చేవాడు కాదు. ఆయన కుమారుడు సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతున్నాడు. ఆ గుడ్డమూటను యజమాని ఇంటికి తెచ్చి ఇచ్చి, డబ్బు తీసుకోకుండా వెళ్లిపోయాడు.

ప్రస్తుతం బాడీ సిద్ధం, తలుపులు రెండూ మూతపడుతున్నాయి. అసలు ఇంజను కోసం కలకత్తా, బొంబాయి, కోయంబత్తూరులకు ఉత్తరాలు వెళ్లాయి. కోయంబత్తూరు నుంచి ఒక జవాబు వచ్చింది: ఇంజను ఉంది, బ్లాకు పగిలి ఉంది, చూసుకోవడానికి రావచ్చు. ఆయన రైలు టిక్కెట్టు కొన్నారు. ఇంట్లో ఇంకా చెప్పలేదు.